సగం తాడు

అన్నదమ్ములిద్దరిలో సకెల్లారిస్ అందగాడు, స్కేవోస్ పెంకివాడు. గ్రీకు దీవి కాలిమ్నోస్ రేవులో ఎవరినడిగినా ఇదే మాట చెప్పేవారు. సకెల్లారిస్ పడవ దిగి వీధిలోకి వస్తుంటే కిటికీలు తెరుచుకునేవి. వెనకాలే స్కేవోస్ వస్తుంటే మూసుకునేవి. స్కేవోస్ ఎవరితోనైనా పందెం కాస్తాడు, ఎవరితోనైనా కలబడతాడు, ఓడిపోతే మాత్రం ఒప్పుకోడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లిని యుద్ధం నాటి కరువు తీసుకెళ్ళింది. కొండవాలులో రెండు గదుల ఇల్లు, ఒడ్డున బోర్లా పడున్న తండ్రి పాత పడవ, నేర్చుకున్న పని, అవే మిగిలాయి. ఆ దీవిలో మగవాడి పని అంటే ఒకటే. సముద్రం అడుక్కి దిగి స్పాంజి కోసుకురావడం.

ఈస్టర్ వెళ్ళగానే పడవలన్నీ దక్షిణానికి, ఆఫ్రికా ఒడ్డుకి బయల్దేరేవి. చలిగాలి మొదలయ్యే ముందు తిరిగొచ్చేవి. ఆ నెలలన్నీ మునకగాళ్ళు రబ్బరు తొడుగులో దూరి, నెత్తిన ఇత్తడి తలకాయ బిగించుకుని, సీసపు చెప్పులతో అడుక్కి దిగుతారు. పైన ఇద్దరు గాలిమర తిప్పుతుంటే గొట్టంలోంచి ఊపిరి అందుతుంది. నడుముకి కట్టిన తాడు పైన ఒకడి చేతిలో ఉంటుంది. ఆ తాడు గుంజడమే ఇద్దరి మధ్యా మాట.

దిగడంలో పెద్ద ప్రమాదం లేదు. ప్రమాదమంతా ఎక్కిరావడంలోనే ఉంది. లోతులో ఒంటికి పట్టిన గాలి మెల్లగా బయటికి పోవాలి. ఒక్కసారిగా పైకి లాగేస్తే సోడాబుడ్డి మూత తీసినట్టు నెత్తురంతా బుడగలవుతుంది. దాన్ని అక్కడ "యంత్రం కొట్టింది" అంటారు. కొడితే కాళ్ళయినా పోతాయి, ప్రాణమైనా పోతుంది. తప్పించుకోవాలంటే సగం తాడు దగ్గర ఆగాలి. నీళ్ళ మధ్యలో ఒంటరిగా వేలాడుతూ, ఏ పనీ లేకుండా, చాలాసేపు. ఈ సంగతి తెలియనివాడు ఆ దీవిలో లేడు. గాలిమర తిప్పేవాడికి తెలుసు, కెప్టెన్‌కి తెలుసు, మునకగాడి పెళ్ళానికీ తెలుసు. కానీ ఒకడు అక్కడ వేలాడుతున్నంతసేపూ రెండోవాడు దిగడానికి లేదు. తొడుగూ గాలిమరా కలిపి పడవకి ఉండేది ఒక్క యంత్రం. వేసవి చూస్తే పొట్టిది. అందుకని ఎవరూ ఆగేవారు కాదు.

ఆ వేసవి అన్నదమ్ములిద్దరూ కెప్టెన్ హరలాంపిస్ పడవలో ఉన్నారు. ఆఫ్రికా ఒడ్డున దెర్నా ఊరికి ఎదురుగా, ఎవరూ చెయ్యి పెట్టని స్పాంజి చేను ఒకటి వాళ్ళకి తగిలింది. సకెల్లారిస్ దిగి వల సంచి నిండుగా పట్టుకొచ్చాడు.

"ఇంకోసారి దిగుతావా, నా సింహమా?" అన్నాడు హరలాంపిస్.

"అడగాలా?" అని ఇత్తడి తలకాయ మళ్ళీ పెట్టించుకున్నాడు.

రెండోసారి ఇంకా లోతుకి వెళ్ళి, ఒక్క లాగుడులో పైకొచ్చాడు. తొడుగు విప్పించుకుని, చుట్టచుట్టిన తాళ్ళమీద కూర్చుని సిగరెట్ ముట్టించాడు. "ఒరేయ్ స్కేవో, కింద కోతకొచ్చిన చేలా ఉందిరా! చెయ్యి చాపితే చాలు..." అంటూ నవ్వాడు. ఆ నవ్వులో సిగరెట్ జారి ఒళ్ళో పడింది. పంట్లాం మీద గోధుమరంగు మచ్చ లేచింది, పొగ వచ్చింది. సకెల్లారిస్ ఇంకా చేను సంగతే చెబుతున్నాడు.

"అన్నా, కాలుతోంది!" అని అరిచాడు స్కేవోస్.

"ఏంట్రా కాలేది?" అన్నాడు సకెల్లారిస్.

అందరూ కిందికి చూశారు. చివరికి అతనూ చూసుకున్నాడు. తొడ మీద చర్మం కమిలిపోతోంది. అతనికి ఏమీ తెలియడం లేదు.

అతన్ని తెరచాప నీడలో పడుకోబెట్టారు. హరలాంపిస్ కాసేపు పక్కనే కూర్చున్నాడు, చెయ్యి పట్టుకున్నాడు, సిలువ గుర్తు వేసుకున్నాడు. చెడ్డవాడేం కాదు. తర్వాత లేచి స్కేవోస్ దగ్గరికొచ్చి, అటు ఇటు చూసి, "నువ్వు దిగు. చేను రేపటికి ఇంకొకడి పాలవుతుంది," అన్నాడు.

అన్న ఒంటివేడి ఇంకా ఆరని తొడుగులో కాళ్ళు పెట్టాడు స్కేవోస్. దిగాడు. ఎక్కడా ఆగకుండా పైకొచ్చాడు. ఏమీ కాలేదు. మళ్ళీ దిగాడు. అప్పుడూ ఏమీ కాలేదు.

చలికాలమంతా సకెల్లారిస్ రేవు కనిపించే కిటికీ పక్కన మంచంలో ఉన్నాడు. స్కేవోస్ పేరు మాత్రం పెరిగింది. దెర్నా చేను కోసుకొచ్చింది వాడేనని కాఫీ దుకాణాల్లో చెప్పుకున్నారు. ఎండలు మొదలయ్యేసరికి వాడికి ధైర్యం వచ్చి, థెమెలీనాని చేసుకుంటానని కబురు పంపాడు.

థెమెలీనా తండ్రి మీకెస్ ఒకప్పటి మునకగాడు. కూతురు పాలు తాగే రోజుల్లోనే యంత్రం అతన్ని కొట్టింది. తల్లి అతన్ని ఎత్తుతూ దింపుతూ నడుం వంగిపోయి, ఆ నడుంతోనే పోయింది. ఇప్పుడు ఎత్తేదీ దింపేదీ థెమెలీనాయే. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మాట్లాడితే మాత్రం ఎదుటివాడు మర్చిపోడు.

మీకెస్ కబురుకి జవాబు పంపలేదు. శుభ శుక్రవారం నాడు భోజనానికి రమ్మన్నాడు. ఆ రోజు ఏ ఇంట్లోనైనా ఒకటే వంట. నూనె చుక్క లేని మసూరు పప్పు, పైన కాస్త వెనిగర్. సిలువ మీద ప్రభువు నోటికి అందించింది ఆ వెనిగరేనని.

"తిను బాబూ. ఈ పప్పు సంగతి తెలుసా నీకు?" అన్నాడు మీకెస్.

"ఏం సంగతి బాబాయ్? వెనిగర్ ఎక్కువైందా?"

"ఏశావు తిన్నది ఇదే."

"ఆ కథ ఫాదర్ చెప్పగా విన్నాన్లే. పప్పు గిన్నె కోసం పెద్దకొడుకు హక్కు తమ్ముడికి ఇచ్చేసిన వెర్రివాడు."

"వెర్రివాడని ఎవరన్నారు?" మీకెస్ చెంచా కింద పెట్టాడు. "వాడు వేటగాడు, కష్టజీవి. అచ్చం నీలాంటివాడు. పొద్దుటినుంచి కొండలన్నీ తిరిగి వచ్చాడు. కడుపు కాలిపోతోంది. ఎదురుగా కుండలోంచి ఎర్రటి పులుసు ఆవిరి కొడుతోంది. 'నేను చచ్చిపోతున్నా, నాకెందుకీ హక్కులు' అన్నాడు. చచ్చిపోతున్నాడా? లేదు. ఆకలేసింది, అంతే. కాసేపాగితే వాళ్ళమ్మే పెట్టేది. సరే, తిన్నాడు, మూతి తుడుచుకున్నాడు, లేచి వెళ్ళాడు. ఆ రోజు వాడికి ఏమైంది?"

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. భయపడాల్సిన మాట అదే. ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడూ ఏమీ కాలేదు. ఎన్నో ఏళ్ళకి ముసలితండ్రి దీవించే రోజొచ్చింది. అప్పుడేడ్చాడు, గొంతెత్తి ఏడ్చాడు. ఏం లాభం? దీవెన వేరేవాడికి వెళ్ళిపోయింది."

రొట్టె కోస్తున్న థెమెలీనా కత్తి పక్కన పెట్టింది.

"మా నాన్న నిన్ను సూటిగా అడగలేక తిప్పి తిప్పి చెబుతున్నాడు. నేనడుగుతా. సగం తాడు దగ్గర ఆగుతావా?"

"హరలాంపిస్ పడవలో ఎవడూ ఆగడు."

"హరలాంపిస్ నన్ను చేసుకుంటానని కబురు పంపలేదు. నిన్నడుగుతున్నా."

"నాకింతవరకూ ఏమీ కాలేదుగా!"

"మా నాన్నకీ ఆ రోజు పొద్దుటిదాకా ఏమీ కాలేదు."

స్కేవోస్‌కి చెవులు ఎర్రబడ్డాయి. "అంటే, కాదంటున్నావా?"

"నువ్వంటే నాకిష్టమే. ఈ వీధిలో అందరికీ తెలుసు, దాచడం దేనికి? కానీ నువ్వు వచ్చే వేసవి చూస్తున్నావు. నేను నీ ముసలితనం చూస్తున్నా. నీ మంచం పక్కన నా ముసలితనం కూడా కనిపిస్తోంది. మా అమ్మ నడుం నాకు గుర్తుంది. ఒక్క వేసవి ఆగి చూపించు. వచ్చి అడుగు. అడిగిన చోటే ఒప్పుకుంటా."

ఆడపిల్ల షరతు పెట్టడమేమిటని స్కేవోస్ కొండవాలు ఎక్కుతూ దారిపొడుగునా తిట్టుకున్నాడు. ఇంటికెళ్ళి అన్నకి చెబితే అతను పగలబడి నవ్వాడు. సాయంత్రం పూలతో అలంకరించిన క్రీస్తు పాడె వీధుల్లోకి వచ్చింది. ఊరు ఊరంతా కొవ్వొత్తులు పట్టుకుని వెంట నడుస్తోంది. స్కేవోస్ వెళ్ళలేదు, కిటికీ దగ్గర అన్న పక్కనే కూర్చున్నాడు. కొవ్వొత్తుల వరస మలుపు తిరిగాక అన్నాడు, "అన్నా, ఆ రోజు నిన్ను అక్కడ పడుకోబెట్టి నేను దిగాను."

"తెలుసు. తెరచాప కింద నుంచి చూశాను."

"తిట్టుకున్నావా?"

"లేదు. నీ చోట నేనున్నా దిగేవాణ్ణి. అందుకే ఇంకా భయమేసింది." సకెల్లారిస్ దుప్పటి సర్దుకున్నాడు. "ఒరేయ్, నాన్న పడవ బాగుచేద్దాం. నన్ను కూడా తీసుకెళ్ళు."

"నువ్వేం చేస్తావక్కడ?"

"తాడు పట్టుకుంటా. చేతులు బాగానే ఉన్నాయిగా! పడవలో తాడు పట్టుకునేవాడికి ఎప్పుడూ ఒకటే తొందర, వీణ్ణి లాగెయ్యాలి, వాణ్ణి దింపాలి. నాకేం తొందర? ఈ దీవి మొత్తంలో తొందర లేనివాణ్ణి నేనొక్కణ్ణే."

పడవ చిన్నది. పలకలు విడిపోయి ఉన్నాయి. నారా తారూ కూరి నిలబెట్టారు. పాత యంత్రం ఒకటి దొరికింది. మనుషులు దొరకడమే కష్టమైంది. ఏ కెప్టెనూ తీసుకోనివాళ్ళే వచ్చారు. ఒకడు తాగుబోతు, ఒకడు మాట వినడు. ఆ మాట వినని వాడి పేరు నోమికోస్. పని మాత్రం పిడుగులా చేస్తాడు. స్కేవోస్ వాళ్ళని కూర్చోబెట్టి ఒకటే షరతు చెప్పాడు. సగం తాడు దగ్గర అందరూ ఆగాలి, తనతో సహా. ఇసుక గడియారం సకెల్లారిస్ చేతిలో ఉంటుంది. ఇసుక పూర్తిగా జారేదాకా ఎవరు అరిచినా తాడు కదలదు. కెప్టెన్ అరిచినా సరే.

మొదటిసారి స్కేవోసే దిగాడు. పని ముగించుకుని పైకి వస్తుంటే సగంలో తాడు బిగుసుకుని ఆగింది. కింద నీలం, పైన నీలం. నెత్తిమీద పడవ అడుగు చేపపొట్టలా నల్లగా కదులుతోంది. ముక్కు దురద పెడితే గోక్కోవడానికి లేదు. ఏ పనీ లేకుండా ఉండడం ఇంత కష్టమని వాడికి అంతకుముందు తెలియదు. ఈ పాటికి హరలాంపిస్ పడవలో ఇంకొకడు దిగి ఉంటాడు, సంచి నింపుతూ ఉంటాడు అనుకుంటే ఒళ్ళు మండింది. తాడు గుంజాడు. పైనుంచి జవాబు లేదు. మళ్ళీ గుంజాడు. ఈసారి తాడు కొద్దిగా వణికింది. పైన అన్న నవ్వుతున్నాడని ఆ వణుకులోనే తెలిసిపోయింది. చేసేదేం లేక వేలాడుతూ, ఇంట్లో థెమెలీనా నిలబడి రొట్టె కోస్తున్న తీరు తలుచుకున్నాడు. ఆ తర్వాత అంత కష్టమనిపించలేదు.

చలికాలానికి ముందు పడవలు తిరిగొచ్చాయి. మిగతావాళ్ళ పడవలు నిండి, పైన తాళ్ళకి కూడా స్పాంజి దండలు వేలాడుతున్నాయి. స్కేవోస్ పడవ సగం ఖాళీ. రేవులో కాచుకున్నవాళ్ళు వదిలిపెడతారా?

"ఏం కెప్టెన్, సముద్రంలో కునుకు తీసొచ్చారా?"

"లేదురా, సకెల్లారిస్ పైనుంచి ఊయల ఊపాడు, వీళ్ళు కింద నిద్రపోయారు!"

ఎవరైనా ఒక మాటంటే కలబడే స్కేవోస్ ఆ రోజు ఎవరికీ జవాబు చెప్పలేదు. తిన్నగా మీకెస్ ఇంటికెళ్ళాడు. థెమెలీనా మెట్ల మీద బట్టలు ఆరేస్తోంది.

"వచ్చాను," అన్నాడు.

"ఆగావా?"

"ప్రతిసారీ."

"విసుగేసిందా?"

"చచ్చేంత."

థెమెలీనా నవ్వింది. తడి బట్ట చేతిలో అలాగే ఉంది. "అయితే ఇంకెందుకు నిలబడ్డావు? లోపలికెళ్ళి మా నాన్నని అడుగు. ఆయనకి అడిగించుకోవడం సరదా."

పెళ్ళయింది. మర్నాటినుంచే అంతా చక్కబడిపోలేదు. ఇంకో రెండు వేసవులు అలాగే సగం సగం నిండి వచ్చాయి. తాగుబోతు మానేసి వేరే పడవెక్కాడు. గాలిమర తిప్పేవాడు కూడా వెళ్ళిపోయాడు. రేవు ముందర హరలాంపిస్ మేడ లేచింది, నీలం తలుపులతో, సముద్రం వైపు వరండాతో. స్కేవోస్ చిన్నప్పటినుంచీ తను అలాంటి మేడ కట్టాలనుకున్నవాడే. చలికాలంలో ఒకరోజు పొయ్యి దగ్గర కూర్చుని, "నేను చేసేది సరైనదేనంటావా?" అని అడిగాడు.

"ఆదివారం ఫాదర్ చదివింది వినలేదా?" అంది థెమెలీనా. "గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని, చివరిదాకా కట్టగలనా లేదా అని చూసుకోడా అని ప్రభువే అడిగాడు. పునాది వేసి వదిలేస్తే దారినపోయేవాళ్ళంతా నవ్వుతారట."

"నన్ను చూసి ఇప్పుడే నవ్వుతున్నారుగా!"

"నువ్వింకా కడుతున్నావు. కడుతున్నవాణ్ణి చూసి నవ్వితే వాళ్ళకే నోరు నొప్పి." కట్టె ఒకటి పొయ్యిలోకి తోసింది. "నీకు మేడ కావాలని నాకు తెలుసు. నాకూ కావాలి. మెట్లు ఎక్కగలిగేవాడితో కలిసి కావాలి."

చేసేది సరైనదేనా అన్న మాట స్కేవోస్ ఆ తర్వాత ఎవరితోనూ అనలేదు.

ఆ పై వేసవిలో, తోబ్రుక్ ఊరికి ఇవతల, నోమికోస్ అడుక్కి దిగి ఉండగా గాలి మారింది. దక్షిణం నుంచి ఎర్రటి ఇసుకగాలి లేచింది. చూస్తుండగానే ఆకాశం ఇటుకరంగైపోయింది. పడవ లంగరు మీద గుర్రంలా ఎగిరిపడుతోంది. నోమికోస్‌ని పైకి రమ్మని తాడు గుంజారు. సగం తాడు దగ్గరికి వచ్చేసరికి సకెల్లారిస్ ఆపేశాడు. అతన్ని ఎప్పటిలాగే వెనక స్తంభానికి నడికట్టుతో కట్టి ఉంచారు. ఒక చేతిలో తాడు, కాళ్ళ మధ్య ఇసుక గడియారం.

"లాగెయ్యి!" అని అరిచాడు గాలిమర దగ్గరున్నవాడు. "లంగరు జారుతోంది! అందరం పోతాం!"

"ఇసుక పడుతోంది," అన్నాడు సకెల్లారిస్.

"నీ ఇసుక నాశనమైపోను! కెప్టెన్, చెప్పు వాడికి!"

స్కేవోస్ చుక్కాని పట్టుకుని నిలబడ్డాడు. నోటినిండా ఇసుక. ఎదురుగా కొంచెం దూరంలో రాళ్ళు తెల్లగా నురగ కక్కుతున్నాయి. లంగరు జారుతోందన్న మాట నిజమే, కాళ్ళ కింద తెలుస్తోంది. ఇప్పుడు లాగేస్తే ఏమీ కాకపోవచ్చు. లాగినవాళ్ళలో ఎంతమందికి ఏమీ కాలేదు! తనకే ఎన్నిసార్లు కాలేదు! ఆ ఆలోచన రాగానే వాడికి మీకెస్ గొంతు వినపడినట్టయింది. ఎవరి దీవెన ఎప్పుడు పోతుందో పోయేదాకా తెలియదు. నోమికోస్‌కి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. వాడికి ఇంకా ఎంత బతుకుందో ఎవరికి తెలుసు? ఆ బతుకంతా ఇప్పుడు తన నోటిమాటలో ఉంది.

"తాడు ముట్టుకోవద్దు!" అని అరిచాడు స్కేవోస్. "గాలిమర ఆపితే చంపేస్తా! రెండో లంగరుగా ఏదైనా వెయ్యండి!"

రెండో లంగరు లేదు. పాత ఇనుప పొయ్యి ఉంది, వంటకి వాడేది. బూడిదతో సహా దాన్ని ఎత్తి, గొలుసుకట్టి ముందువైపు నుంచి నీళ్ళలోకి తోశారు. పడవలో బరువుకి ఉంచిన ఇసుక సంచులు కూడా కట్టి తోశారు. పడవ ఒకసారి గట్టిగా తిరిగింది, అటు ఒరిగింది, ఆగింది. రాళ్ళు దగ్గరికొచ్చాయి గానీ ఆ పైన రాలేదు. సకెల్లారిస్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. గాలికి ఇసుక గడియారం కనిపించడం లేదు గనుక, నోటితో ప్రభువు ప్రార్థన మొదటినుంచీ చివరిదాకా మళ్ళీ మళ్ళీ చదువుతూ సమయం లెక్కపెడుతున్నాడు. ఎక్కడా తొందరపడలేదు. ఆమేన్ దగ్గర కూడా.

చివరికి, "ఇప్పుడు లాగండి," అన్నాడు.

నోమికోస్ పైకొచ్చాడు. ఇత్తడి తలకాయ తియ్యగానే వాంతి చేసుకున్నాడు. కింద అలలకి బండకేసి బాదిన బట్టలా తయారయ్యాడు. లేచి, తూలుతూ, తొడుగుతోనే వెనక్కి నడిచి సకెల్లారిస్ చొక్కా పట్టుకున్నాడు.

"నన్ను చంపాలనుకున్నావా, కుంటి దయ్యమా? ఎందుకు లాగలేదు?"

సకెల్లారిస్ వాణ్ణి కిందనుంచి పైకి చూశాడు. "ఎలా వచ్చావు నా దగ్గరికి?"

"ఏంటి?"

"ఇక్కడిదాకా ఎలా వచ్చావురా అని అడుగుతున్నా."

నోమికోస్ తన కాళ్ళకేసి, సీసపు చెప్పులకేసి చూసుకున్నాడు. చొక్కా వదిలేశాడు. అక్కడే చతికిలబడి, తల సకెల్లారిస్ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు. సకెల్లారిస్ వాడి తడి జుట్టు నిమురుతూ, "సర్లే, సర్లే. పొయ్యి పోయింది, ఇవాళ పచ్చిచేపలే నీకు," అన్నాడు.

ఆ ఏడు చలికాలం ముందు పడవలు ఇంటికొచ్చినప్పుడు హరలాంపిస్ పడవ నిండుగానే వచ్చింది. కానీ ముందు భాగంలో, తెరచాప గుడ్డ కప్పుకుని, అతని మేనల్లుడు పడుకుని ఉన్నాడు. చెల్లెలి ఒక్కగానొక్క కొడుకు. కాళ్ళు పోయాయి. రేవులో ఆ రోజు ఎవరూ వేళాకోళాలు ఆడలేదు. స్కేవోస్ పడవ దిగినవాళ్ళు ఒక్కొక్కరే గట్టు ఎక్కి ఇళ్ళకి వెళ్ళడం మాత్రం ఆడవాళ్ళంతా నిలబడి చూశారు. చూసి, ఇళ్ళకెళ్ళి మొగుళ్ళతో మాట్లాడారు. ఆ చలికాలం ఆ దీవిలో చాలా ఇళ్ళలో చాలా మాటలు జరిగాయని చెప్పుకుంటారు. వసంతానికి స్కేవోస్ పడవలో పనికి వస్తామని అడిగేవాళ్ళు గుమ్మం ముందు నిలబడ్డారు. తాగుబోతు కూడా వచ్చాడు, తాగకుండా.

ఈస్టర్ ముందు వారంలో హరలాంపిస్ స్వయంగా కొండవాలు ఎక్కి వచ్చాడు. మేడ దిగి ఇంత పైకి ఎక్కడం అతనికి అలవాటు లేదు, ఆయాసపడుతున్నాడు. థెమెలీనా కుర్చీ వేసి కాఫీ పెట్టింది. పెళ్ళయ్యాక కూతురితో పాటే వచ్చేసిన మీకెస్ ఒక మూల, సకెల్లారిస్ ఒక మూల కూర్చుని ఉన్నారు. స్కేవోస్ గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"స్కేవో, నీకు నేనంటే కోపమని తెలుసు," అన్నాడు హరలాంపిస్.

"కోపం లేదు. చెప్పు కెప్టెన్."

"నా వాళ్ళకి సగం తాడు దగ్గర ఆగమని చెప్పాను. వినడం లేదు. నేను చెబితే ఎవడు నమ్ముతాడు? ఇన్నాళ్ళూ తరిమినవాణ్ణి నేనేగా." కాఫీ కప్పు అటూ ఇటూ తిప్పాడు. "ఈ ఒక్క వేసవికి మీ అన్నని నా పడవలోకి పంపు."

"పంపను," అన్నాడు స్కేవోస్ వెంటనే. "అన్నీ అడుగు, అది అడక్కు. నీ పడవలోంచే మోసుకొచ్చాను మా అన్నని."

పొయ్యి దగ్గరనుంచి థెమెలీనా అంది, "అడిగింది నీ చేతుల్ని కాదు. బావగారి చేతుల్ని. ఆయన్ని చెప్పనియ్యి."

అందరూ సకెల్లారిస్ వైపు తిరిగారు. అతను గడ్డం గోక్కున్నాడు. హరలాంపిస్‌ని సూటిగా చూశాడు. హరలాంపిస్ తల వంచుకోలేదు, కళ్ళు మాత్రం చెమ్మగిల్లాయి.

"నీ మేనల్లుడు ఎలా ఉన్నాడు?" అన్నాడు సకెల్లారిస్.

"కిటికీ దగ్గర పడుకోబెట్టాం. గోడవైపు తిరిగి ఉంటున్నాడు."

"మొదట్లో నేనూ అంతే. వాణ్ణి కూడా పడవెక్కించు. తాడు పట్టడం నేను నేర్పుతా. వాడికి వచ్చేస్తే నువ్వు నన్ను వచ్చే ఏడు మా తమ్ముడికి తిరిగి అప్పగించాలి. రెండోది, తాడు దగ్గర నా మాటే మాట. నువ్వు అరిస్తే నేనూ అరుస్తా. నా గొంతు పెద్దది."

"ఒప్పుకున్నా."

"మూడోది, మీ వంటవాడు ఉప్పు ఎక్కువ వేస్తాడు. ఆ రోజుల్లోనే చెప్పాను నీకు, విన్లేదు."

మీకెస్ మూలనుంచి గట్టిగా నవ్వేశాడు. స్కేవోస్ నవ్వలేదు. బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. చాలాసేపటికి థెమెలీనా వచ్చి పక్కన కూర్చుంది.

"నా పడవలో తాడు ఎవరు పట్టుకుంటారు?" అన్నాడు.

"నోమికోస్."

"వాడా? వాడికి ఒక్క క్షణం ఆగడం చేతకాదు!"

"ఆగితే ఏమవుతుందో ఈ దీవి మొత్తంలో వాడికంటే బాగా ఎవరికి తెలుసు?"

స్కేవోస్ లేచి నోమికోస్‌ని వెతుక్కుంటూ రేవు వైపు దిగాడు.

ఆ తర్వాత ఎన్నో వేసవులు గడిచాయి. స్కేవోస్ జుట్టు నెరిసేదాకా సముద్రానికి వెళ్ళాడు. అతని పడవలో ఒకడికి చెవి పోయింది, ఒకడు జ్వరంతో చనిపోయి బెంగాజీలో మట్టిలో కలిశాడు. యంత్రం కొట్టినవాడు మాత్రం లేడు. మేడ కట్టలేదు గానీ ఉన్న రెండు గదుల పక్కన మూడోది వేశాడు. సకెల్లారిస్ ఒక పడవలోంచి ఇంకో పడవకి మారుతూ, రేవులో సగం మందికి తాడు పట్టడం నేర్పాడు. తాడు పట్టే పనికి ముందుగా అవిటివాళ్ళనే తీసుకునే పడవలు ఆ దీవిలో అప్పటినుంచే మొదలయ్యాయి.

కానీ అందరికీ గుర్తుండిపోయింది మాత్రం హరలాంపిస్ కొండెక్కి వచ్చి అడిగిన ఆ ఏడు, పడవలు బయల్దేరిన రోజు. ఫాదర్ పడవలన్నిటి మీదా పవిత్రజలం చల్లాడు. ఆడవాళ్ళు రుమాళ్ళు ఊపుతున్నారు. పలక మీదుగా హరలాంపిస్ తన పడవెక్కుతున్నాడు, వీపు మీద సకెల్లారిస్‌ని మోసుకుంటూ. వెనకాల ఇద్దరు మనుషులు మేనల్లుణ్ణి కుర్చీతో సహా ఎత్తుకొస్తున్నారు. ఆ కుర్రాడు మొహం ఎటూ తిప్పుకోలేక ఎర్రబడిపోయి ఉన్నాడు. పడవలోవాళ్ళంతా వరసగా నిలబడి నోరు తెరుచుకుని చూస్తున్నారు.

హరలాంపిస్ భుజం మీదుగా మెడ చాచి సకెల్లారిస్ వాళ్ళకేసి అరిచాడు. "ఏంట్రా చూస్తారు? నన్ను తిట్టాలనుకున్నవాళ్ళంతా ఇప్పుడే తిట్టెయ్యండి! రేపటినుంచి మీరంతా నీళ్ళలో ఉంటారు, నాకు వినపడదు!"

వాళ్ళు నవ్వారు. గోడవైపు తిరిగి ఉండే మేనల్లుడు కూడా నవ్వాడు. పక్క పడవలో స్కేవోస్ లంగరు ఎత్తమని చెయ్యి ఊపాడు. తాడు దగ్గర నోమికోస్ సిద్ధంగా కూర్చుని ఉన్నాడు.